పొగ మానిన తొలి దినములు: జట్టుగా దాటు విధము

పొగాకు కషాయము పేనుబంకను చంపునని మన రైతులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. పొగాకు కాడలను, పొడిని నీటిలో నానబెట్టి, వడగట్టి, సబ్బు నీరు కలిపి, పలుచన చేసి చల్లుట మన పెద్దలెరిగిన పద్ధతియే. అందులో పురుగును చంపునది నికోటిన్ అను పదార్థము. అది పురుగు నరములపై పనిచేయును. మంచులో తడిసిన పొగాకును తెల్లవారుజామున విరిచిన కూలీలకు వాంతులు, తలతిప్పుట కలుగుటకు కూడ కారణము అదే. తడి ఆకు నుండి చర్మము గుండా లోనికి పోవును. బీడీయో, చుట్టయో, సిగరెట్టో కాల్చువారు ఈ నికోటిన్‌నే ఊపిరితిత్తుల ద్వారా దినమునకు పది ఇరువది మారులు లోనికి తీసికొనుచున్నారు.

ఈ పత్రికలో పంటల తెగుళ్లను గురించి వ్రాయుటయే నా పని. అయితే ఈ సంగతి నా స్వానుభవములో ఉన్నది కాబట్టియు, మానదలచి మొదటి మూడు నాలుగు దినములలోనే ఓడిపోవుచున్న రైతులను ప్రతి గ్రామములోను చూచుచున్నాను కాబట్టియు వ్రాయుచున్నాను. పొగ వలన కలుగు జబ్బులను ఇక్కడ ఏకరువు పెట్టను. అవి పెట్టెల మీదనే బొమ్మలతో సహా ముద్రించి ఉన్నవి. మానవలెనని తెలియని వారు అరుదు. మొదటి వారము ఎట్లు గడపవలెనో తెలియని వారే ఎక్కువ.

మొదట దీని పని తీరును తెలిసికొనవలెను. పొగ పీల్చిన పది ఇరువది సెకన్లలోనే నికోటిన్ మెదడును చేరును. అక్కడ కొంతసేపు హాయి కలిగించును. తరువాత రక్తములో దాని పాలు రెండు గంటలకొకసారి సుమారు సగమునకు తగ్గుచుండును. తగ్గిన కొలది మెదడు మరల అడుగును. రాత్రి అంతయు పొగ లేకుండ నిద్రించిన వానికి లేవగానే బీడీ కావలసి వచ్చుటకు కారణమిదే. జబ్బు చేయునది ముఖ్యముగా పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడు మొదలైనవి. మనిషిని కట్టివేయునది నికోటిన్. కాబట్టి మానలేని వానిని చూచి "పట్టుదల లేదు" అనుట సరికాదు. వాని శరీరము ఆ మందుకు అలవాటు పడినది, అంతే.

మానిన తరువాత కొద్ది గంటలలోనే చిరాకు మొదలగును. రెండవ, మూడవ దినములలో అది మిక్కిలి ఎక్కువగా ఉండును. కోపము, తలనొప్పి, నిద్ర పట్టకుండుట, పని మీద మనసు నిలువకుండుట, ఆకలి హెచ్చుట, మలబద్ధకము కలుగవచ్చును. కొందరికి కొన్నాళ్లు దగ్గు పెరుగును. ఇవి భయపడవలసినవి కావు. మూడవ దినము దాటిన తరువాత క్రమముగా తగ్గి, రెండు మొదలు నాలుగు వారములలో చాలవరకు పోవును. ఇక ముఖ్యమైన సంగతి. పొగ మీద కోరిక ఎడతెగకుండ ఉండదు. అది ఒక్కసారిగా లేచి, సాధారణముగా మూడు నుండి అయిదు నిమిషములలో తగ్గిపోవును. పది నిమిషములు దాటుట అరుదు. ఆ కొద్ది నిమిషములు గడిపించు మనిషి ప్రక్కన ఉన్నచో సగము పని అయినట్లే.

నేను చదువుకొను రోజులలో హాస్టలులో సిగరెట్టు నేర్చుకొని పదకొండేండ్లు కాల్చినాను. ఒంటరిగా మూడుసార్లు మానినాను. ఎక్కువలో ఎక్కువ నాలుగు దినములు. ఎవ్వరికిని చెప్పకుండ మానితిని కాబట్టి, మరల మొదలు పెట్టినను ఎవ్వరును అడుగువారు లేకపోయిరి. ఎరువుల లారీ దిగుమతి అగుచుండగా నిలబడి ఉన్నప్పుడు ఒకసారి, టీ కొట్టు వద్ద ఒకసారి, ఊరక ఉన్నప్పుడు ఒకసారి. మూడుసార్లును ఇట్లే చెడినది.

తరువాత ప్రకాశం జిల్లాలో పొగాకు పండించు ఒక మండలములో పనిచేయుచుండగా, మిరపలో నల్ల తామర పురుగును గురించి ఒక గ్రామములో సమావేశము జరిగినది. అంతయు అయిన తరువాత చెట్టు క్రింద సిగరెట్టు ముట్టించినాను. ఏబది దాటిన ఒక రైతు తన చుట్ట తాను కాల్చుచునే నన్ను చూచి, "అయ్యా ఆఫీసరుగారూ, మిరపకు ఏ తెగులు వచ్చినా మందు చెబుతారు గదా, మన వేళ్ల సందున ఉన్న ఈ తెగులుకు మందు లేదా?" అని అడిగినాడు. అందరును నవ్విరి. నాకు సమాధానము తోచలేదు. ఆ పెద్దాయనయే మరల, "నేను మానదామనుకుంటున్నాను. ఒక్కడివల్ల కావడం లేదు. మీరు మానతారా?" అన్నాడు. అక్కడనే ఉన్న ఒక ట్రాక్టరు డ్రైవరు, బీడీలు కాల్చు ఒక కౌలు రైతు కలిసినారు. నలుగురమైతిమి.

దినము నిర్ణయించుటలో పెద్దాయన మాటయే నెగ్గినది. నేను ఆ సోమవారమే అంటిని. ఆయన ఒప్పుకొనలేదు. బ్యారన్లు మండుచున్నంత కాలము రాత్రులు మేలుకొని మంట చూచుకొనవలెను, ఆ మేలుకొలుపంతయు పొగతోనే గడచును, కాబట్టి చివరి బ్యారన్ దింపిన తరువాతనే అన్నాడు. ఇది చాల మంచి ఆలోచన. పైగా పచ్చి ఆకును విరుచు రోజులలో చేతుల గుండా కొంత నికోటిన్ శరీరములోనికి పోవుచునే ఉండును గనుక, ఆ పని ముగిసిన తరువాత మానుటయే మేలు. వరి రైతులు నాట్ల, కోతల ఒత్తిడి లేని వారమును చూచుకొనవలెను. పెండ్లిండ్లు, తిరునాళ్లు ఉన్న వారము పనికిరాదు. అయితే పూర్తిగా పని లేని వారము కూడ మంచిది కాదు. చేతులకు పని ఉండవలెను.

ముందు దినము సాయంకాలము నలుగురమును మా వద్దనున్న బీడీకట్టలు, చుట్టలు, అగ్గిపెట్టెలు, లైటర్లు తెచ్చి ఒక చోట చేర్చి నీటిలో పారవేసితిమి. పెద్దాయన దాచిన చుట్టలను దూలము సందు నుండి ఆయన భార్యయే తీసి ఇచ్చినది. కొట్టు యజమాని వద్దకు పోయి, మా నలుగురిలో ఎవ్వరడిగినను అరువు ఇవ్వవద్దని చెప్పితిమి. అతడు నవ్వినాడు గాని మాట నిలుపుకొన్నాడు. ఇండ్లలో కూడ చెప్పవలెను. ఒక వారము మనిషి చిటపటలాడునని ముందుగా తెలిసియున్నచో ఇంటివారు సహించి ఊరకుందురు.

మాలో మేము చేసికొన్న కట్టుబాటు మూడు మాటలే. కోరిక లేచినప్పుడు ముట్టించుటకు ముందు జట్టులో ఒకరికి ఫోను చేయవలెను, ముట్టించిన తరువాత కాదు. తెల్లవారి ఒకసారి, దీపాలు పెట్టు వేళ ఒకసారి రచ్చబండ వద్ద కలియవలెను. ఎవరైనను కాల్చినచో ఆ సాయంకాలమే చెప్పవలెను, విన్నవారు ఎగతాళి చేయకూడదు. ఈ మూడవదియే మిగిలిన రెంటిని నిలిపినది.

ఫోనులో ఏమి మాట్లాడవలెనని కొందరు అడుగుదురు. ఉపదేశములు అక్కరలేదు. డ్రైవరు నాకు చేసిన మొదటి ఫోనులో బోరు మోటారు కాలిన సంగతి చెప్పినాడు. నేను వైండింగు ఖర్చు అడిగినాను. ఏడు నిమిషములు గడచినవి. "సరే సార్, పోయింది" అని పెట్టివేసినాడు. పొగను గురించి ఒక్క మాట లేదు. తోడుండు వాడు చేయవలసినది ఇంతే. "నేను చూడు, ఎట్లు మానితినో" అని గొప్పలు చెప్పువాడు జట్టుకు చేటు. ఇంకను కాల్చుచున్న మిత్రుడు ఎంత మంచివాడైనను ఈ మూడు దినములలో తోడుగా పనికిరాడు.

ఒంటరిగా ఉన్నప్పుడు కోరిక లేచినచో ఉన్న చోటు నుండి లేచి నడువవలెను. చల్లని నీరు గుక్కగుక్కగా త్రాగవలెను. సోంపు, లవంగము, వేయించిన శనగలు జేబులో ఉంచుకొనవలెను. చేతివేళ్లు ఊరకుండలేవు గనుక తాడు పేనుట, గట్టు సరిచేయుట, కలుపు తీయుట మంచివి. కౌలు రైతు ఆ మూడు దినములలో తన చేను చుట్టు కంచె అంతయు బాగు చేసికొన్నాడు. బీడీకి బదులు ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ వేసికొనుట మానుట కాదు. వానిలోను నికోటిన్ ఉన్నది, నోటి కేన్సరును అవియు కలిగించును.

టీని గురించి ఒక సంగతి చాలమందికి తెలియదు. పొగలోని కొన్ని పదార్థములు టీ, కాఫీలలోని కెఫీన్‌ను కాలేయము త్వరగా విరుచునట్లు చేయును. పొగ మానగానే ఆ వేగము తగ్గును. కాబట్టి ఎప్పటివలెనే అయిదారు టీలు త్రాగినచో కెఫీన్ శరీరములో ఎక్కువగా నిలిచి, గుండెదడ, నిద్రలేమి, చిరాకు కలిగించును. దానిని పొగ మానినందుననే అనుకొని మరల ముట్టింతురు. టీని సగమునకు తగ్గించి, మజ్జిగ త్రాగుట మంచిది. టీతో బీడీ జతగా అలవాటైన వారికి ఇది రెండు విధముల మేలు. ఉబ్బసము, గుండె, మధుమేహము, మానసిక వ్యాధులకు మందులు వాడువారు పొగ మానుచున్నట్లు తమ డాక్టరుకు చెప్పవలెను; కొన్ని మందుల మోతాదు మార్చవలసి రావచ్చును.

లేచిన అరగంటలోపలనే మొదటి బీడీ ముట్టించు వారికి అలవాటు బలమైనదని తెలిసికొనవలెను. అట్టివారు డాక్టరు సలహాతో నికోటిన్ గమ్ వాడవచ్చును. ఇవి 2, 4 మిల్లీగ్రాముల మోతాదులలో దొరకును. కిళ్లీవలె ఎడతెగకుండ నమలకూడదు. కొద్దిగా నమిలి, ఘాటు తెలియగానే చిగురు, బుగ్గ సందున ఉంచి, ఘాటు తగ్గిన తరువాత మరల నమలవలెను. దానికి పావుగంట ముందు నుండి టీ, కాఫీ, పుల్లని పానీయములు త్రాగకూడదు. దానితో కూడ పొగ త్రాగరాదు. జట్టు లేనివారు జాతీయ పొగాకు విరమణ కేంద్రమునకు 1800-11-2356 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. 2018 సెప్టెంబరు నుండి ఈ నంబరును పొగాకు పెట్టెలపై ముద్రించుట మొదలైనది.

మా జట్టులో మూడవ దినము సాయంకాలము డ్రైవరు రాలేదు. ఫోను తీయలేదు. చీకటి పడిన తరువాత వచ్చి దూరముగా నిలబడినాడు. డీజిలు లెక్కల మీద యజమానితో మాటామాటా వచ్చి రెండు సిగరెట్లు కాల్చినాడట. "నా వల్ల కాదు పెదనాన్నా, మీరు ముగ్గురూ కానీయండి" అన్నాడు. పెద్దాయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "కాలువకు గండి పడితే పూడ్చుకుంటాంరా, పొలం అమ్ముకుంటామా? రెండు కాల్చావు. మూడోది కాల్చలేదుగా. ఇట్లా వచ్చి కూర్చో" అన్నాడు. ఆ రాత్రి పదకొండు గంటల వరకు నలుగురమును అక్కడనే కూర్చొంటిమి. డ్రైవరు లెక్క మరునాటి నుండి మరల ఒకటితో మొదలైనది. ఒకటి రెండు కాల్చిన వాడు "ఇక చెడినది గదా" అని కట్ట అంతయు కాల్చుటయే నిజమైన నష్టము. ఏ వేళ, ఎవరితో, ఏ సందర్భములో కాల్చితినో చూచుకొని, ఆ వేళకు ముందుగానే తోడు ఏర్పాటు చేసికొనవలెను. అతడు ఆ తరువాత యజమాని వద్ద లెక్క చూచుకొనుటకు పెద్దాయనను వెంట తీసికొని పోయెడివాడు.

దాచుట ఎందుకు, కౌలు రైతు నెల దాటిన తరువాత రాత్రి కాపలాలో మరల బీడీ పట్టినాడు. ఆ సమయమున మేము ఉదయపు కలయికను మానివేసి ఉంటిమి. అది మా తప్పే. మొదటి మూడు దినములు దాటగానే జట్టు పని తీరినదనుకొంటిమి.

ఉత్తరాంధ్ర తీర గ్రామములలో అడ్డపొగ అలవాటున్న స్త్రీలకు ఈ పద్ధతి మరింత అవసరము. మండుచున్న కొనను నోటిలో ఉంచుకొనుట వలన అంగిలిపై పుండ్లు, కేన్సరు వచ్చును. ఈ అలవాటును గురించి వారు మగవారితో చెప్పుకొనలేరు. పొదుపు సంఘములోని ఇద్దరు ముగ్గురు కలిసి మానుట వారికి సులువు. అంగిలిపై తెల్లని మచ్చయో, మానని పుండో కనిపించినచో ఆలస్యము చేయక ఆసుపత్రిలో చూపించవలెను.

గ్రామోద్యోగులకు ఒక మాట. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలములలో పొగ త్రాగుటపై నిషేధము గట్టిగా అమలులోనికి వచ్చినది. పంచాయతీ కార్యాలయము కూడ అందులోనిదే. జరిమానా వ్రాయుట కంటె, మానుచున్న వారికి కూర్చొనుటకు ఆ అరుగుమీద పొగ లేని చోటు ఇచ్చుట ఎక్కువ మేలు. కొన్ని చోట్ల కూలితో పాటు బీడీకట్ట ఇచ్చు ఆచారమున్నది. దానికి బదులు బెల్లము, శనగలు ఇచ్చిన రైతులను నేను చూచినాను, కూలీలు కాదనలేదు.

మానిన పన్నెండు గంటలు మొదలు ఒక దినము లోపల రక్తములోని కార్బన్ మోనాక్సైడు మామూలు స్థాయికి దిగును. ఏడాది గడచునప్పటికి గుండె జబ్బు ప్రమాదము, కాల్చువానితో పోల్చినచో, సుమారు సగమగును. బరువు కొంత పెరుగవచ్చును. నా బరువు నాలుగు కిలోలు పెరిగినది. జట్టు కలయికలను మొదటి వారము రెండు పూటల, తరువాత నెల నిండువరకు ప్రతి ఉదయము, ఆ తరువాత బ్యారన్లు, కోతలు, పెండ్లిండ్లు వచ్చినప్పుడెల్ల మరల జరుపుకొనవలెను. కౌలు రైతు రెండవ జట్టులో చేరినాడు. ఈసారి కాపలా రాత్రులలో పెద్దాయన మంచె వద్దకు పోయి తోడు పడుకొనుచున్నాడు.