కొత్త కోడికి గూటిలో చోటు

సంతలో ఒక మంచి పెట్టను ఎంచి, కాళ్లు కట్టి ఇంటికి తెచ్చి, సాయంకాలం పాత కోళ్ల మధ్య వదలిపెట్టడం చాలా ఇండ్లలో జరిగే పనే. మరునాటి ఉదయానికి దాని తురాయి నెత్తురు కారుతూ ఉంటుంది. పాత కోళ్లు దానిని మేత దగ్గరకు రానీయవు, నీళ్ల చిప్ప దగ్గరకు రానీయవు. వారం తిరిగేసరికి అది ఒక మూల ముడుచుకొని చిక్కిపోతుంది. ఒక్కొక్కసారి చచ్చిపోతుంది కూడా. “ఈ కోడి మనకు అచ్చిరాలేదు” అని ఇంట్లో అనుకొంటారు. ఇది అచ్చిరావడం, రాకపోవడం కాదు. కొత్త కోడిని పాతవాటితో కలపడానికి ఒక పద్ధతి ఉన్నది.

మన పల్లెలలో పెరటి కోళ్లు సాధారణంగా ఇంటి ఇల్లాలి చేతి సొమ్ము. గుడ్లు అమ్మిన డబ్బు పిల్లల పుస్తకాలకు, ఇంట్లో ఉప్పూ పప్పులకు అక్కరకు వస్తుంది. పది కోళ్లున్న ఇంట్లో రెండు పోతే అది చిన్న నష్టం కాదు. కాబట్టి ఈ సంగతిని కాస్త వివరంగా తెలుసుకొందాం.

కోళ్లలో పెద్ద చిన్న

కోళ్ల గుంపులో ప్రతి కోడికీ ఒక స్థానం ఉంటుంది. అన్నిటికన్నా పెద్దది మిగిలినవాటిని పొడుస్తుంది. దానిని ఏదీ పొడవదు. రెండవది మొదటిదానికి లొంగి, తక్కినవాటిని పొడుస్తుంది. చిట్టచివరిది అన్నిటి చేతా పొడిపించుకొంటుంది. నార్వే దేశానికి చెందిన థోర్లీఫ్ ష్యెల్డెరుప్-ఎబ్బె అనే శాస్త్రజ్ఞుడు చిన్నతనం నుండే కోళ్లను గమనించి, ఏది దేనిని పొడుస్తుందో రాసుకొని, 1922లో ఈ విషయాన్ని ప్రచురించారు. ఇంగ్లీషులో దీనిని పెకింగ్ ఆర్డర్ అంటారు. ఆ మాటనే ఇప్పుడు ఆఫీసులలో మనుషుల హోదాలకు కూడా వాడుతున్నారు.

ఈ వరుస ఒకసారి కుదిరితే పోట్లాటలు తగ్గిపోతాయి. పెద్దది తల ఎత్తి చూస్తే చాలు, చిన్నది పక్కకు తప్పుకొంటుంది. కోళ్లు ఒకదానినొకటి ముఖ్యంగా తలను, తురాయిని చూసి గుర్తు పడతాయి. ముఖమెరుగని కోడి వచ్చిందంటే వరుస మళ్లీ మొదటి నుండి కుదరాలి. అందుచేత కొద్ది రోజులు పొడవడం, తరమడం సహజం. దానిని పూర్తిగా ఆపడం మన వల్ల కాదు. ఆ పొడుపు గాయానికీ, పస్తుకూ దారితీయకుండా చూడడమే మన పని.

మొదట దూరంగా ఉంచండి

బయట నుండి తెచ్చిన కోడిని కనీసం 21 రోజులు వేరే చోట, వేరే చిప్పలతో ఉంచాలి. కొక్కెర తెగులు వంటి రోగం లోపల ఉన్నా పైకి కనబడడానికి కొన్ని రోజులు పడుతుంది. పాతవాటికి ముందు మేత వేసి, ఆ తరువాతే కొత్తదాని దగ్గరకు వెళ్లాలి. ఈకల కింద పేలు, గోమార్లు ఉన్నవేమో చూడాలి. టీకాల సంగతి దగ్గరలోని పశువుల ఆసుపత్రిలో అడగండి.

తరువాత ఎదురెదురుగా

గడువు తీరిన తరువాత ఒక వారం పాటు కొత్తవి, పాతవి ఒకదానికొకటి కనబడాలి గాని ముక్కుకు అందకూడదు. మధ్యలో ఇనుప జాలీ గాని, సందులున్న వెదురు తడిక గాని అడ్డం పెట్టవచ్చు. అవి లేనివారు కొత్త కోడిని ఉదయం గంటసేపు, సాయంత్రం గంటసేపు నీడలో గంప కింద ఉంచి, చుట్టూ పాతవాటికి నూకలు చల్లాలి. ఎండ వేళ గంప కింద ఉంచరాదు.

కలిపే రోజు

ఒంటరి కోడిని ఎన్నడూ కలపవద్దు. రెండు మూడు కలిసి వెళితే దెబ్బలు పంచుకొంటాయి, తోడూ ఉంటుంది. చీకటి పడి పాతవి దండెం ఎక్కిన తరువాత కొత్తవాటిని మెల్లగా పక్కన కూర్చోబెట్టండి. చీకటిలో కోళ్లకు చూపు ఆనదు గనుక పోట్లాట ఉండదు. అయితే అసలు పరీక్ష తెల్లవారిన తరువాతే. కాబట్టి పెందలకడనే గూడు తలుపు తీయాలి. మేత ఒకే చోట కాక నాలుగు చోట్ల చల్లాలి. నీళ్లు రెండు చోట్ల పెట్టాలి. తరిమినప్పుడు దూరడానికి పెరటిలో ఒక కంపమోపు, పాత మంచం వంటివి ఉంచండి. రెండు వైపులా దారి ఉండాలి. మూల చిక్కితే కొత్త కోడికి ప్రమాదం.

వనరాజా, గ్రామప్రియ పిల్లలు

హైదరాబాదులో రాజేంద్రనగర్ వద్ద ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. ఈ పిల్లలను మొదటి ఆరు వారాలు వెచ్చగా, వేరుగా పెంచి తరువాత పెరటిలోకి వదలాలి. కాని తల్లి లేకుండా పెరిగిన ఈ పిల్లలకు నాటు పెట్టల కోపం తెలియదు. ఆరు వారాలకు బయటకు వదిలినా, రాత్రి గూడు మాత్రం మూడు నాలుగు నెలలు వచ్చేవరకు, అంటే ఒడ్డూ పొడుగూ దాదాపు సమానమయ్యేవరకు, వేరుగానే ఉంచడం క్షేమం.

నెత్తురు కనబడితే

చిన్న పొడుపులకు మనం మధ్యకు పోనవసరం లేదు. నెత్తురు కనబడితే మాత్రం ఒక్క గడియ ఆగరాదు. ఎర్రటి గాయం చూస్తే తక్కిన కోళ్లన్నీ అక్కడే పొడుస్తాయి, కొన్ని గంటలలోనే చంపివేయగలవు. గాయపడినదానిని తీసి, ఉప్పునీటితో కడిగి, పసుపు అద్ది, ఈగలు వాలకుండా మానేవరకు వేరుగా ఉంచాలి.

ఒకే పెట్ట అదేపనిగా వేధిస్తుంటే, గాయపడినదానితో పాటు దానిని కూడా నాలుగైదు రోజులు వేరొక చోట కట్టివేయండి. తిరిగి వచ్చేసరికి దాని పాత స్థానం సడలుతుంది, పొగరూ తగ్గుతుంది. దాని ముక్కు కోయడం మాత్రం తగదు. పెరటిలో ఏరుకొని తినే కోడికి ముక్కే ఆధారం.

కొత్త కోడి రాకపోయినా పొడుచుకొంటున్నవంటే కారణం వెదకాలి. గూడు ఇరుకై ఉండవచ్చు, మేత చాలక పోవచ్చు, మాంసకృత్తులు గాని ఉప్పు గాని తక్కువై ఉండవచ్చు, పేలు పట్టి ఉండవచ్చు, వేసవి ఉక్క కావచ్చు. పెద్ద కోడికి మేత తొట్టి దగ్గర నాలుగు అంగుళాల చోటైనా కావాలి. చెదలు, ఆకుకూరలు, వేరుశనగ చెక్క మేతలో చేరితే పొడుపులు చాలా వరకు తగ్గుతాయి. పుంజులు ఎక్కువైనా తగవులే. పది పెట్టలకు ఒక పుంజు చాలు.

కొత్త కోడి కలిసిందో లేదో తెలుసుకొనే ఉపాయం ఒకటి చెప్పి ముగిస్తాను. రాత్రి గూటిలో దాని మెడ కింద, రొమ్ము పైన ఉండే మేత సంచిని వేళ్లతో తడిమి చూడండి. గట్టిగా, నిండుగా ఉంటే ఆ రోజు దానికి తిండి దొరికింది. ఖాళీగా వేలాడుతుంటే పగలంతా పస్తే. మరునాడు దానికి వేరుగా మేత పెట్టండి. రెండు మూడు వారాలకు సంచి రోజూ నిండి, తక్కినవాటి పక్కన ఒకే దండెం మీద నిద్రపోతుంటే, ఇక దానికి ఆ గూటిలో చోటు దొరికినట్టే.