మీకు తెలుసా? భేరి ధర్మమైన బండ

తొలకరి పడిందంటే జొన్నగిరి చుట్టుపక్కల ‘ఊరంతా చేలల్లోనే ఉంది’ అంటారు. వజ్రం దొరుకుతుందేమోనని జనం చేలు గాలిస్తున్నారని దాని భావం. ఊరు చేలోకి ఎలా వస్తుందని ఎవరూ అడ్డు తగలరు. సూటి అర్థం పొసగనప్పుడు దాన్ని అంటిపెట్టుకున్న ఇంకో అర్థం తీసుకోవడాన్ని మన ఆలంకారికులు ‘లక్షణ’ అన్నారు. గంగలో పల్లె ఉందంటే గంగ ఒడ్డున ఉందని గ్రహించాలన్నది వాళ్లకు అలవాటైన ఉదాహరణ.

ఇలాంటి మాట ఈ సీమలో రాతికెక్కి ఎన్నాళ్లయిందో తెలుసా? జొన్నగిరికి దగ్గర్లోని ఎర్రగుడిలో, క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన 14 ప్రధాన శిలాశాసనాలు, వాటితోపాటు లఘు శాసనాలు ఉన్నాయి. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం.

మొదటి శాసనంలో రాజుది ఉన్నదున్నట్టు చెప్పే తీరు. ఒకప్పుడు తన వంటశాలలో రోజూ లక్షల జీవాలను కోసేవారట. ఇప్పుడు మూడే: రెండు నెమళ్లు, ఒక జింక. ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు. ముందుముందు ఆ మూడూ ఉండవు.

నాలుగో శాసనంలో మాట మలుపు తిరుగుతుంది. భేరీనాదం ధర్మనాదంగా మారిందంటాడు. తోలు బిగించిన వాద్యం ధర్మం కాలేదు కదా! దండు కదలమని మోగే చోట ధర్మాన్ని చాటుతున్నారని మనం తీసుకోవాలి.

అలాగని అన్నీ అలంకారాలే అనుకుంటే చిక్కే. ఎనిమిదో శాసనంలోని ‘ధర్మయాత్ర’ అచ్చంగా ప్రయాణమే. పూర్వపు రాజులు వేటకూ విహారానికీ వెళ్తే, అశోకుడు పట్టాభిషేకమైన పదేళ్లకు బుద్ధుడికి జ్ఞానోదయమైన చోటికి వెళ్లాడు.

పదమూడో శాసనంలో రెండు తీర్లూ కలుస్తాయి. కళింగలో లక్షమంది హతులయ్యారు, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారు అని ముందు లెక్క చెబుతాడు. ధర్మంతో గెలిచేదే మేలైన విజయమని ఆ తర్వాత అంటాడు. ఆ అంకెలు పక్కన లేకపోతే ‘ధర్మవిజయం’ వట్టి బిరుదులా మిగిలేది.

ఇంకో ముచ్చట. అశోకుడి శాసనాల్లో కనిపించే పాలనా కేంద్రం సువర్ణగిరి మన జొన్నగిరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. అదే నిజమైతే ఆ పేరుకు లక్షణతో పనిలేదు. ఇక్కడి నేలలో నిజంగానే బంగారం ఉంది.