వెతికే యంత్రం తన సూచికను ఎక్కడ దాచుకోవాలి?

పిల్లలూ! కొన్ని పుస్తకాల చివర ఒక పదాల పట్టిక వుంటుంది, చూశారా? అందులో “చెరకు - 12, 47, 80” అని వున్నదనుకోండి. పుస్తకమంతా తిరగెయ్యనక్కరలేదు, ఆ మూడు పేజీలూ చూస్తే చాలు. ఈ పట్టికనే సూచిక అంటారు.

కంప్యూటరుకు కూడా ఇటువంటి సూచిక కావాలి. 1999లో డగ్ కటింగ్ అనే అమెరికా దేశస్థుడు సూచికలు తయారుచేసే ప్రోగ్రాం ఒకటి రాశాడు. తన భార్య పేరులోని మధ్య మాట తీసుకుని దానికి “లూసీన్” అని పేరు పెట్టాడు. దాని ఆధారంతో 2004లో యోనిక్ సీలీ అనే ఆయన “సోలర్” అనే సర్వరును తయారుచేశాడు. ఎవరు ఏ మాట అడిగినా, అది ఎక్కడెక్కడ వున్నదో వెతికి చెప్పడమే దీని పని.

మన బోధన్‌లో, శక్కర్‌నగర్ దగ్గర, 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోకెల్లా పెద్దదని ఒకప్పుడు దానికి పేరు. 2015 డిసెంబరులో అది మూతపడింది. అందులో పనిచేసిన వారు, దానికి చెరకు తోలిన రైతులు ఎందరో ఇప్పుడు తాతలయ్యారు. వాళ్ళు చెప్పే సంగతులన్నీ మీరు రాసి, వెయ్యి వ్యాసాలుగా కంప్యూటరులో వుంచారనుకుందాం. “బండి” అని అడగ్గానే బండ్ల ముచ్చట్లన్నీ రావాలి. సోలర్ ఆ వ్యాసాలు చదివి సూచిక తయారుచేస్తుంది. మరి ఆ సూచికను ఎక్కడ వుంచాలి?

మిల్లులో చక్కెర తయారైన తరువాత బస్తాలను యంత్రాల మధ్యనే వుంచరు కదా! గోదాముకు చేరుస్తారు. యంత్రాలు విప్పి బాగుచేసినా బస్తాలకు ఏమీ కాదు. ఇక్కడ సోలర్ మిల్లు, సూచిక చక్కెర. మనం ఏమీ చెప్పకపోతే, సోలర్ ఆ వ్యాసాల పనికోసం ఏర్పరచిన ఫోల్డరులోనే “డేటా” అనే మరో ఫోల్డరు చేసుకుని సూచికను అందులో పెడుతుంది. పాత సోలర్‌ను తీసేసి కొత్తది పెట్టేటప్పుడు ఎవరైనా ఆ ఫోల్డరును కూడా చెరిపేస్తే, సూచిక కూడా పోతుంది. అందుచేత తెలిసినవారు వేరే డిస్కులో చోటు చూసి, సోలర్ అమరికల ఫైలులో “డేటాడిర్” అనే వరుసలో ఆ చోటు పేరు రాస్తారు.

ఇక్కడ ఒక చిక్కు వున్నది. సూచికను కదిలించకుండా ఆ వరుస ఒక్కటే మారిస్తే ఏమవుతుంది? సోలర్ కొత్త చోటికి వెళ్ళి చూస్తుంది. అక్కడ ఏమీ వుండదు. వెంటనే ఖాళీ సూచిక ఒకటి మొదలు పెడుతుంది. వెయ్యి వ్యాసాలూ పదిలంగానే వుంటాయి. కాని “బండి” అని అడిగితే “ఏమీ లేదు” అంటుంది! అందుకని ముందు సర్వరును ఆపాలి. సూచిక ఫైళ్ళను కొత్త చోటికి నకలు తీయాలి. తరువాత వరుస మార్చి, మళ్ళీ నడిపించి, ఒక మాట అడిగి చూడాలి. జవాబు సరిగా వచ్చిన తరువాతనే పాతవి తీసెయ్యాలి.

చోటు కూడా విశాలంగా వుండాలి. లూసీన్ సూచికను చిన్న చిన్న ముక్కలుగా రాసి, అప్పుడప్పుడూ వాటిని కలుపుతుంది. కలిపేంతసేపూ పాతవీ కొత్తదీ రెండూ వుండాలి కనక, సూచికకు రెట్టింపు చోటు పట్టవచ్చు. పైగా ఒక సూచికలో ఇద్దరు ఒకేసారి రాయకూడదు. అట్లా జరగకుండా లూసీన్ అక్కడ ఒక తాళం ఫైలు పెడుతుంది.

చెరకును పిండితే పిప్పి మిగులుతుంది. కాని వ్యాసాలను ఎన్నిసార్లు చదివినా తరగవు. సూచిక పోతే, కాలం పట్టినా, వ్యాసాల నుంచి మళ్ళీ తయారుచేసుకోవచ్చు. వ్యాసాలే పోతే సూచిక వాటిని పూర్తిగా తిరిగి ఇస్తుందన్న నమ్మకం లేదు. కనక వాటి నకలు రెండో చోట తప్పక వుంచండి. ఇక తాత చెప్పనేలేదంటే, రాయడానికే ఏమీ వుండదు. ఈ సాయంకాలమే వెళ్ళి అడగండి!