మేస్త్రీ లైసెన్సు ఏది?

దసరా, దీపావళి దాటి పంట ఇంటికొచ్చిందంటే పాలమూరు పల్లెల్లోకి మేస్త్రీలు దిగుతారు. ఇంటింటికీ తిరిగి అడ్వాన్సులు ముట్టజెబుతారు. ఆలూమగలు కలిసి ఒక జత. ఆ జతకు లెక్కగట్టి డబ్బు చేతిలో పెట్టాక ఏ రాష్ట్రం, ఏం పని, ఎన్నాళ్ళు అన్నది అంతా మేస్త్రీ నోటిమాటే. నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి ప్రాజెక్టులకు రాళ్ళెత్తిన జనం వీళ్ళు. పురుగుమందు డబ్బా అమ్ముకునేవాడికి లైసెన్సు ఉండి తీరాలనే సర్కారు, మనుషుల్ని లారీకెత్తి తోలుకుపోయేవాడిని ఏ కాగితం అడిగింది?

చట్టం లేక కాదు. 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. 1980 అక్టోబరు 2 నుంచి అది అమలులోకి వచ్చింది. అయిదుగురిని మించకపోయినా సరే, అయిదుగురిని పరరాష్ట్రానికి పనికి తీసుకుపోయే కాంట్రాక్టరు రెండు లైసెన్సులు తీసుకోవాలి: కూలీల సొంత రాష్ట్రంలో ఒకటి, పనిచేయించే రాష్ట్రంలో ఒకటి. ప్రతి కూలీకీ ఫొటో అంటించిన పాసుబుక్కు ఇవ్వాలి. కూలి ఎంత, అడ్వాన్సు ఎంత, కోత ఎంత అన్నీ అందులో రాయాలి. ఊరు విడిచినందుకు నెల కూలిలో సగమో, 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది వాపసు అడగకుండా ముట్టజెప్పాలి. రానూపోనూ చార్జీలు వేరే. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న యజమానే కట్టాలి.

2009లో పక్క రాష్ట్రం కాలవ పని నుంచి 23 మంది ఉత్త చేతులతో తిరిగొచ్చారు. వాళ్ళను వెంటబెట్టుకుని కార్మికశాఖ ఆఫీసుకు పోయాం. "మేస్త్రీ లైసెన్సు నంబరు చెప్పండి" అన్నాడు ఆఫీసరు. గుంపులో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పాసుబుక్కులైనా తెచ్చారా?" అంటే ఒక అవ్వ కొంగుముడి విప్పి పోస్టాఫీసు పాసుబుక్కు తీసింది. ఆఫీసరు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. లైసెన్సు లేకుండా పనికి తీసుకుపోవడం మేస్త్రీ నేరం. ఆ నేరానికి రుజువులు తెమ్మని కూలివాణ్ణి గద్దిస్తే ఎట్లా? చివరికి యజమానే కట్టాలన్న సెక్షను చూపించి నాలుగు నెలలు తిరిగితే, రావలసిన దాంట్లో సగానికి తక్కువే కంపెనీ కక్కింది. అంటే అమలు కాని చట్టం కూడా పట్టుకోవడానికి ఒక కొసగా పనికొచ్చిందన్న మాట.

ఇప్పుడు ఆ కొసనే తెంపారు. 2020లో చేసిన వృత్తి భద్రతా కోడ్‌ను 2025 నవంబరు 21 నుంచి అమలు చేస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. పాత చట్టం అందులో కలిసిపోయింది. దేశమంతటికీ చెల్లే ఒకే లైసెన్సు, అయిదేళ్ళ గడువు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఇవన్నీ కాంట్రాక్టర్లకు కల్పించిన సౌకర్యాలు. సొంతంగా పనికి పోయినవాణ్ణి కూడా వలస కార్మికుడిగా గుర్తించారు, ఆ మేరకు మంచిదే. కానీ లైసెన్సు అవసరం 50 మంది దగ్గర మొదలవుతుంది. వలస కూలీల రక్షణలు 10 మంది దగ్గర మొదలవుతాయి. ఊరు విడిచినందుకిచ్చే భత్యం ఊసే లేదు.

మన మేస్త్రీలు ఎంతమందిని పట్టుకుపోతారు? ఇరవై, ముప్పై, మహా అయితే నలభై. యాభై దాటే గుంపు అరుదు. దాటితే మాత్రం ఏం, తమ్ముడి పేరు మీద రెండో గుంపు రాసుకుంటాడు! పెద్ద కంపెనీ దగ్గర అన్ని గుంపులూ కలిసి 50 దాటితే కంపెనీకి కోడ్ తగులుతుంది. ఇటుకబట్టీ దగ్గర అదీ లేదు. ఒడిశా బలంగీరు నుంచి పిల్లాజెల్లాతో మన తెలంగాణ బట్టీలకు వచ్చేవాళ్ళ గతీ ఇదే. అక్కడి మేస్త్రీని సర్దారు అంటారు, పేరొక్కటే తేడా. వాళ్ళ గోడు వినవలసింది ఇక్కడి మనమే.

ఈ సీజనులో మా సంఘం పల్లెల్లో ఒక పని పెట్టుకుంది. అడ్వాన్సు తీసుకునే ప్రతి జత పేరూ, తీసుకున్న మొత్తం, మేస్త్రీ పేరూ, పోయే చోటూ ఒక నోటుబుక్కులో రాసి, మేస్త్రీ చేత సంతకమో వేలిముద్రో వేయిస్తున్నాం. మొన్న ఒక మేస్త్రీ పుస్తకం చూసి, "ఇదేందన్నా, నాకు లైసెన్సు అక్కర్లేదంట గదా!" అన్నాడు. అప్పటికే ఆ సంగతి అతనికి తెలిసిపోయింది. అతని వెంట పోయే 18 జతల్లో ఒక్కరికీ తెలియదు.