ముక్కులోకి వచ్చిన చీటీ

జలుబు ఎందుకొచ్చిందని పిల్లలు అడిగితే పెద్దల నోట రెండే జవాబులు: పురుగు, ఐస్‌క్రీం. రెండూ సరికావు.

అపోహ: వైరస్ అంటే కోరలున్న చిన్న పురుగు. ముక్కులోకి పాకి కొరుకుతుంది.

వాస్తవం: వైరస్ పాకదు, తినదు, ఊపిరి పీల్చదు. జలుబును ఎక్కువగా తెచ్చే రైనోవైరస్ వెడల్పు సుమారు 30 నానోమీటర్లు. పక్కపక్కన పేరిస్తే ఒక్క మిల్లీమీటరులో 30 వేలకు పైనే పడతాయి. దానికున్నదల్లా ఒక ప్రోటీన్ తొడుగు, లోపల కాస్త ఆర్‌ఎన్‌ఏ. ఆరేళ్ల పిల్లకు ఇలా చెప్పొచ్చు: “నీ ముక్కులో ఒక్కో కణం ఒక్కో వంటిల్లు. అందులోకి ‘నాలాంటివే బోలెడన్ని వండు’ అని రాసిన చీటీ వచ్చింది. ఎవరు రాశారో చూడకుండా వంటమనిషి వండేసింది. అవి బయటపడి పక్క వంటిళ్లకు వెళ్లాయి.” చీటీ లోపలికెలా వచ్చిందని పిల్ల అడుగుతుంది, అడగాలి కూడా. కణం పైనుండే ఒక ప్రోటీన్‌కు వైరస్ అతుక్కుంటుంది. ఆ తర్వాత కణమే దాన్ని లోపలికి లాక్కుంటుంది! రాక్షసుడి కథకంటే ఇదే విడ్డూరం.

అపోహ: ముక్కు కారడం, దిబ్బడ, జ్వరం అన్నీ వైరస్ చేసే పనులే.

వాస్తవం: చాలావరకు మన ఒళ్లు చేసేవే. వైరస్ సోకిన కణాలు రసాయనాలతో చుట్టుపక్కల కణాలను హెచ్చరిస్తాయి. రక్తనాళాలు ఉబ్బి ముక్కు మూసుకుపోతుంది, చీమిడి ఎక్కువగా ఊరుతుంది. ఒంటి వేడిని పెంచమనేది మెదడే. పిల్లల భయం పోగొట్టడానికి ముందుగా చెప్పాల్సింది ఇదే.

అపోహ: చీమిడి పచ్చబడితే యాంటీబయాటిక్ వేయాలి.

వాస్తవం: ఆ రంగు తెల్ల రక్తకణాల్లోని ఎంజైమ్‌ది. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. మందుల షాపులో అడిగి తెచ్చి వేసే అలవాటు మానాలి.

అపోహ: ఐస్‌క్రీం తిన్నా, వానలో తడిసినా జలుబు చేస్తుంది.

వాస్తవం: వైరస్ సోకకుండా జలుబు రాదు. అయితే రైనోవైరస్ 37 డిగ్రీలకంటే 33 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. చల్లబడిన ముక్కు దానికి అనుకూలమే. అమ్మమ్మ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం.

అపోహ: మాటిమాటికీ జలుబు చేసే పిల్లలు బలహీనులు.

వాస్తవం: రైనోవైరస్‌లోనే 160కి పైగా రకాలున్నాయి. ఒకదాన్ని గుర్తుపట్టిన ఒంటికి మరొకటి కొత్తే. బడికెళ్లే పసివాళ్లకు ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు రావడం మామూలే. డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.