కోడ్ ఒకటే, పర్మిషన్లు వేరు

కాలేయంలోని కణానికీ మెదడులోని కణానికీ పోలికే ఉండదు. అయినా రెండింటిలోనూ ఉన్నది ఒకే డి.ఎన్.ఏ. ప్రోటీన్లు తయారుచేసే సుమారు 20,000 జీన్లు రెండుచోట్లా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే సోర్స్ కోడ్ ఒకటే. ఎక్కడ ఏ భాగం నడవాలన్నదే తేడా. మరి ఆ అనుమతి ఇచ్చేదెవరు?

ఒక్క కణంలోని డి.ఎన్.ఏ.ని సాగదీస్తే దాదాపు 2 మీటర్లుంటుంది. అదంతా కంటికి కనిపించని కేంద్రకంలో ఇమడాలి. అందుకని హిస్టోన్లనే ప్రోటీన్లు ఎనిమిదేసి కలిసి దారపు కండెలా ఏర్పడతాయి. ఒక్కో కండెకి 147 అక్షరాల డి.ఎన్.ఏ. చుట్టుకుంటుంది. చుట్టు బిగువుగా ఉన్నచోట జీనుకి ఆర్.ఎన్.ఏ. నకలు తీసే ఎంజైముకి సందు దొరకదు.

హిస్టోన్ల తోకలు కండె బయటికి వేలాడుతుంటాయి. ఆ తోకల్లో ఉండే లైసిన్‌ది ధనావేశం, డి.ఎన్.ఏ.ది ఋణావేశం. కనుక రెండూ అతుక్కుంటాయి. లైసిన్‌కి ఒక ఎసిటైల్ గుంపు తగిలిస్తే ఆ ధనావేశం పోయి పట్టు సడలుతుంది. పైగా ఎసిటైల్‌ని గుర్తుపట్టే ప్రోటీన్లు అక్కడికి చేరి నకలు తీసే పనికి సాయపడతాయి. ఎసిటైల్‌ని ఊడదీసే ఎంజైములు వస్తే చుట్టు మళ్ళీ బిగుస్తుంది.

ఎసిటైల్‌కీ జీన్ల పనికీ సంబంధం ఉందని 1964లోనే విన్సెంట్ ఆల్‌ఫ్రీ సూచించారు. గట్టి ఆధారం 1996లో దొరికింది. డేవిడ్ ఆలిస్ బృందం టెట్రాహైమినా అనే ఏకకణజీవిలో ఎసిటైల్ తగిలించే ఎంజైముని పట్టుకుంది. తీరా చూస్తే అది, ఈస్టులో జీన్లని నడిపిస్తుందని అప్పటికే తెలిసిన ఒక ప్రోటీనుకి తోబుట్టువు! అదే ఏడాది స్టువర్ట్ ష్రైబర్ బృందం ఎసిటైల్‌ని ఊడదీసే ఎంజైముని గుర్తించింది.

దీనివల్ల మనకేమిటి లాభం? కొన్ని కేన్సర్లలో కణాల పెరుగుదలకి కళ్ళెం వేసే జీను చెడిపోదు, మూతపడుతుంది. కోడ్ చెడితే దిద్దడం కష్టం. పర్మిషన్ పోతే తిరిగి ఇవ్వచ్చు. 2006లో అమెరికాలో ఆమోదం పొందిన వోరినోస్టాట్ అనే మందు, ఎసిటైల్‌ని ఊడదీసే ఎంజైములకి అడ్డుపడుతుంది. చర్మానికి వచ్చే ఒక రకం లింఫోమాకి దాన్ని వాడతారు. చిక్కేమిటంటే అది ఒక్క జీనుతో ఆగదు. ఒక్క ఫైలు కోసం డిస్కులోని పర్మిషన్లన్నీ మార్చినట్టే!

ఆ ఒక్క ఫైలునే ముట్టుకోవడం ఎలా? 2015లో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు క్రిస్పర్‌లోని కత్తెరని మొద్దుబార్చి, దానికి ఎసిటైల్ తగిలించే ఎంజైము ముక్కని జోడించారు. కణాల్లో తాము ఎంచుకున్న జీనుని మేల్కొలిపారు. డి.ఎన్.ఏ.లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.