రెండు అద్దాల మధ్య ముఖం

"సార్, వీడు వేసిన ఎరుపు పెదాలు దాటి బయటికొచ్చేసింది. అయినా బొమ్మ బాగానే ఉందేంటి?"

సైన్స్ క్లబ్బులో ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. పిల్లలు తలా ఒక బ్లాక్ అండ్ వైట్ ఫొటోను లేజర్ ప్రింటర్‌తో పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు మీద తీసుకున్నారు. ఇంకో షీటు మీద ముఖానికి ఒకటి, పెదాలకు ఒకటి, జుట్టుకు ఒకటి, చొక్కాకు ఒకటి చొప్పున ఆక్రిలిక్ రంగులు పూశారు. ఆ రెండో షీటును విడిగా చూస్తే అందులో ముఖమే లేదు. గోధుమరంగు ముద్ద, దాని మధ్య ఎర్రముద్ద, పైన నల్లముద్ద, కింద నీలం ముద్ద, అంతే. దాని మీద ఫొటో షీటు పెట్టగానే ఎవరి తాతగారో కళ్లజోడుతో సహా ప్రత్యక్షం!

ఈ కిటుకు 1880లలో ఇంగ్లండులో బాగా చెలామణీ అయింది. దాని పేరు క్రిస్టోలియం. సామగ్రి కొని తెచ్చుకుని ఇళ్లలో ఎక్కువగా ఆడవాళ్లు వీటిని తయారు చేసేవారు. సొంతవాళ్ల ఫొటోలూ చేశారు, పేరున్న చిత్రకారుల బొమ్మలకు నకళ్లూ చేశారు. చిత్రకళ లెక్కన ఇది గొప్ప విద్యేమీ కాదు. ఇంజనీరింగ్ లెక్కన మాత్రం నాకు దీని మీద వల్లమాలిన అభిమానం.

కొంచెం ఉబ్బుగా వంచిన అద్దం ఒకటి తీసుకునేవారు. దాని లోపలి వైపు, అంటే గుంటగా ఉన్న వైపు, ఫొటోను పిండి జిగురుతో బోర్లా అతికించేవారు. అప్పటి ఫొటోలు కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద అచ్చయ్యేవి. బొమ్మంతా ఆ సొన పొరలోనే ఉండేది, వెనకున్న కాగితం ఉత్త ఆధారం. జిగురు ఆరాక ఆ కాగితాన్ని ఉప్పుకాగితంతో ఓపిగ్గా అరగదీసేవారు. ఏమాత్రం తొందరపడినా ముక్కు ఎగిరిపోయేది. అలా పలచబడిన దానికి నూనెగానీ మైనంగానీ పట్టించేవారు.

నూనె ఎందుకంటారా? మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టిన పేపరు చూడండి. నూనె పీల్చిన మేర అవతలి వైపు అక్షరాలు కూడా కనిపిస్తాయి. కాగితం నారకు వక్రీభవన గుణకం సుమారు 1.5, నారల సందుల్లో ఉన్న గాలికి 1. ఆ తేడా వల్ల వెలుతురు ప్రతి సందులోనూ దారి తప్పి చెల్లాచెదురవుతుంది, అందుకే కాగితం తెల్లగా కనిపిస్తుంది. నూనె గుణకం దాదాపు 1.47. అది గాలిని వెళ్లగొట్టి సందుల్లో చేరితే వెలుతురుకు నారకీ నూనెకీ తేడా పెద్దగా తెలియదు, చాలావరకు తిన్నగా దాటిపోతుంది.

ఇప్పుడు రంగులు. కంటిపాప, పెదవి, చెవి దుద్దు లాంటి సన్నపనులను ఆ ఫొటో వీపు మీదే వేసేవారు. దాని వెనక అంచుల వెంట సన్నటి కాగితం పట్టీలు అతికించి, అంతే వంపున్న రెండో అద్దాన్ని అమర్చేవారు. చర్మం, దుస్తులు, ఆకాశం లాంటి పెద్ద రంగులన్నీ ఈ రెండో అద్దం మీద, ముతక కుంచెతో.

పట్టీల వల్ల మధ్యలో మిగిలిన సందే దీనికి ప్రాణం. నూనె పట్టించినా కాగితం పూర్తి గాజు అయిపోదు, కాస్త మసక మిగులుతుంది. ట్రేసింగ్ పేపరును పుస్తకానికి ఆనిస్తే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. కొంచెం పైకెత్తితే అలుక్కుపోతాయి. ఇక్కడా అదే జరుగుతుంది. ఫొటోకు ఆని ఉన్న కంటిపాప పదునుగా ఉంటుంది, సందు అవతలున్న చర్మం రంగు కుంచె గీతలు కనబడకుండా మెత్తగా అలుముకుంటుంది. తంజావూరు అద్దం బొమ్మలు వేసేవారికి ఈ వెసులుబాటు లేదు. ఒకే అద్దం వెనక అంతా తిరగేసి వేయాలి. నగలు, కంటి మెరుపు ముందు, వెనక తెర చివర. మొదటి గీతే చూసేవాడికి కనిపించే గీత, దాని మీద దిద్దుబాటు కుదరదు.

1850లలో అమెరికాలో హాలోటైపు అని ఇంకో పద్ధతి ఉండేది. ఒకే ఫొటోకు రెండు ప్రింట్లు తీసి, ముందుదానికి మైనం పట్టించి, వెనకదానికి రంగులేసి, రెండింటినీ గీతకు గీత కలిసేలా పెట్టాలి. శ్రమ ఎక్కువ, ఫలితం అంతే. రంగుకు అంత కచ్చితత్వం అక్కర్లేదని క్రిస్టోలియం వాళ్లకు చేతులతో పని చేస్తూనే తెలిసిపోయింది.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. మన కంటిలో రంగు చూసే కోను కణాలు మూడు రకాలు. వాటిలో రెండు రకాలు పంపే సంకేతాల మొత్తాన్ని బట్టి మెదడు వెలుగునీడలను పోల్చుకుంటుంది, వాటి తేడాలను బట్టి రంగును. వెలుగునీడల్లో వెంట్రుకవాసి గీతను కూడా పట్టేసే మన చూపు, రంగు దగ్గరకొచ్చేసరికి మొద్దుబారుతుంది. నీలానికి స్పందించే కణాలైతే పదోవంతుకు మించవు, చూపు కేంద్రం నడిబొడ్డున అసలు ఉండవు. అందుకని ముఖం గీతలన్నీ నల్లని ఫొటో నుంచి తీసుకుని, రంగును మెదడు ఆ గీతల్లో తనే సర్దేసుకుంటుంది.

తర్వాతి కథ క్లుప్తంగా. 1907లో లూమియేర్ సోదరులు బంగాళదుంప పిండి రేణువులకు అద్దకం వేసి అసలైన రంగుల ఫొటోను బజారులోకి తెచ్చారు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి క్రిస్టోలియం సద్దుమణిగింది. కిటుకు మాత్రం చావలేదు. 1938లో జార్జ్ వాలెన్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు వెలుగునీడలనూ రంగునూ విడివిడిగా పంపే టీవీకి పేటెంటు తీసుకున్నాడు. 1982 ఏషియాడ్‌కు మనకు వచ్చిన కలర్ టీవీలో కూడా రంగుకు దక్కిన బ్యాండ్‌విడ్త్ వెలుగునీడలకు ఇచ్చినదాంట్లో మూడోవంతు కూడా లేదు. పాత బ్లాక్ అండ్ వైట్ సెట్లలోనూ ఆ బొమ్మే వచ్చింది! 1957 నాటి 'మాయాబజార్'కు 2010లో హైదరాబాదులో రంగులద్దినప్పుడు కూడా నీడలు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీవే, రంగు మాత్రమే కొత్త పొర. మీ ఫోనులోని జేపెగ్ ఫొటోలో సాధారణంగా నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు సమాచారం ఉంటుంది.

ఇంట్లో చేసి చూడాలనుకుంటే రెండు మాటలు. షీట్ల మధ్య పాత శుభలేఖ అట్ట పట్టీలు పెట్టండి, అడుగున తెల్లకాగితం వేయండి. ఫొటోను మాత్రం బాగా లేతగా ప్రింటు తీయండి. వెలుతురు ఆ నలుపును లోపలికి పోయేటప్పుడొకసారి, బయటికి వచ్చేటప్పుడొకసారి దాటాలి. సగం వెలుతురును ఆపే నీడ చివరికి మీ కంటికి పావు వంతే మిగులుస్తుంది.